తిండిపోతు చిన్న కుక్క: గిన్నె మార్చాలా, తలుపు వేయాలా?

ఇంట్లో రెండు మూడు కుక్కలున్నవాళ్లు కలిస్తే మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. "మా చిన్నది క్షణంలో తనది ఊడ్చేసి పెద్దదాని గిన్నె మీద పడుతోంది. స్లో ఫీడర్ కొనమంటారా, వేరే గదిలో పెట్టమంటారా?" మా ఇంట్లో ఐదు కిలోల డాక్స్‌హుండ్ (పొడుగు ఒళ్లు, పొట్టి కాళ్ల జాతి) చిట్టి, దానికి ఆరింతలు బరువున్న ముసలి షెపర్డ్ రాజా ఉన్నాయి. రెండు పద్ధతులూ వాడుతున్నాను. నా లెక్కలో ఈ రెండూ తీర్చేది ఒకే సమస్యను కాదు. ఒకటి వేగానికి, ఇంకోటి దొంగతనానికి. ముందు మీ ఇంట్లో ఏది ఎక్కువో చూసుకోవాలి.

స్లో ఫీడర్ అంటే లోపల మెలికల గట్లున్న గిన్నె, అందరికీ తెలిసిందే. గబగబా మింగి, అయిదు నిమిషాల్లో గింజలు గింజలుగానే కక్కేసే కుక్కకి ఇది బాగా పనిచేస్తుంది. గొంతుకు అడ్డం పడే భయమూ తగ్గుతుంది. వేగంగా తింటే కడుపు ఉబ్బి మెలిపడుతుందనే భయం చాలామందికి ఉంటుంది కానీ, ఆ ప్రమాదం ప్రధానంగా లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకే. చిన్నదాని విషయంలో దానికోసం అంత టెన్షన్ అక్కర్లేదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మాత్రం లోతైన గాడులున్న గిన్నె కొనకండి, మూతి అందక అవస్థ పడతాయి. అడుగున రబ్బరు పట్టు లేని గిన్నె కూడా వద్దు. చిట్టి అంచు మీద కాలేసి గిన్నెను బోర్లించడం ఇట్టే నేర్చుకుంది. గింజలన్నీ నేల మీదికొస్తే ఇక గట్లెందుకు?

ఇంతవరకూ గిన్నె బాగానే ఉంది. అసలు చిక్కు టైం దగ్గర. రాజా నోటినిండా తీసుకుంటాడు, పక్కన నేల మీద పోస్తాడు, ఒక్కో గింజా ఏరుకుని నములుతాడు. పావుగంట పడుతుంది. స్లో ఫీడర్‌తో చిట్టి తిండి అర నిమిషం నుంచి అయిదు నిమిషాలకు సాగుతుందనుకుందాం. మిగతా పది నిమిషాలు అది ఏం చేయాలి? వెళ్లి రాజా గిన్నెకి మూరెడు దూరంలో కూర్చుంటుంది. మొరగదు, మీద పడదు, చూస్తూ ఉంటుందంతే. కాసేపటికి రాజా మొహం పక్కకు తిప్పుతాడు, మూతి నాక్కుంటాడు, ఒక అడుగు వెనక్కి వేస్తాడు. గిన్నె చిట్టిది అయిపోతుంది.

దీన్ని చూసి "మా పెద్దోడు ఎంత మంచివాడో, పంచుకుంటాడు" అని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. అది పంచుకోవడం కాదు, గొడవ ఎందుకని తప్పుకోవడం. మొహం తిప్పుకోవడం, తిండి లేకుండానే మూతి నాక్కోవడం కుక్క ఇబ్బంది పడుతోందనడానికి గుర్తులు. ఏదో ఒక రోజు ఓపిక నశించి గుర్రుమంటుంది. అప్పుడు మనం తిట్టేది పెద్దదాన్నే. ఐదు కిలోల ఒంటికి ముప్పై కిలోల కుక్క కాటు ఒక్కటి చాలు. అందుకే నేను చూసేది చిన్నది ఎంతసేపట్లో తింటోందని కాదు, పెద్దది నిశ్చింతగా తింటోందా అని.

ఇక కేలరీల సంగతి. బరువును కిలోల్లో తీసుకుని, దాని 0.75 ఘాతాన్ని 70తో గుణిస్తే విశ్రాంతిలో ఉన్న కుక్కకి రోజుకి కావలసిన కేలరీలు వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకైతే దాన్ని 1.6తో గుణించి మొదలుపెడతారు. ఐదు కిలోల దానికి సుమారు 375, ముప్పై కిలోల దానికి 1,400 పైచిలుకు. డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకు 350 నుంచి 400 కేలరీలు ఉండటం మామూలు. అంటే రాజా గిన్నెలోంచి చిట్టి కొట్టేసే పది గ్రాములు, చిన్న పిడికెడు, దాని రోజు తిండిలో పదో వంతు. చిరుతిళ్లన్నీ కలిపి పది శాతం దాటకూడదంటారు కదా, ఆ కోటా మొత్తం అక్కడే అయిపోయింది. అదే పది గ్రాములు రాజాకి మూడు శాతం కూడా కాదు. డాక్స్‌హుండ్ వెన్నుకి పెరిగే ప్రతి వంద గ్రాములూ భారమే. పైగా పెద్దదానికి కిడ్నీ జబ్బుకిచ్చే తిండో, మందు కలిపిన తిండో పెడుతుంటే అది చిన్నదాని కడుపులోకి పోతోంది.

కాబట్టి నా ఓటు తలుపుకే. ఎవరిని మూయాలనే దగ్గర చాలామంది పెద్దదాన్ని గదిలో పెడతారు. నేనైతే చిన్నదాన్నే క్రేట్‌లో, అంటే తలుపున్న కుక్కల పెట్టెలో, పెట్టమంటాను. పెద్దదాన్ని లోపల పెడితే చిన్నది బయట తలుపు గీరుతుంది, లోపలిదానికి ముద్ద దిగదు. పిల్లల కోసం పెట్టే అడ్డుగేట్లు కూడా ఇక్కడ నమ్మదగ్గవి కావు, ఊచల మధ్యనుంచి దూరేది చిన్నదే. క్రేట్ నుంచి పెద్దదాని గిన్నె కనబడకూడదు, కనబడితే ఓ దుప్పటి కప్పండి. స్లో ఫీడర్‌కి, నాకే మ్యాట్‌కి, తిండి కూరి గడ్డకట్టించిన రబ్బరు బొమ్మకి సరైన చోటు ఇదే: మూసిన తలుపు లోపల. పెద్దది తినేంతసేపూ దీనికి పని దొరుకుతుంది.

తలుపు తీసే ముందు గిన్నెలన్నీ ఎత్తేయాలి, నేల కూడా చూడాలి. చిట్టి బయటికి రాగానే నేరుగా వెళ్లేది రాజా గిన్నె ఉన్న చోటికి, ఆ తర్వాత బల్ల కాలి వెనక్కి. ఒక్క గింజ దొరికినా మర్నాడు క్రేట్‌లో గోల రెట్టింపు.

ఈ పద్ధతికి ఇబ్బందులు లేవని కాదు. పూటపూటా మనిషి ఉండాలి. క్రేట్ అలవాటు లేని కుక్కని మొదటిరోజే మూసేస్తే ఏడుస్తుంది, తలుపు తీసి ఉంచి తిండి పెడుతూ మెల్లగా అలవాటు చేయాలి. అన్నిటికన్నా కష్టం ఇంట్లోవాళ్లు. "పాపం, ఎలా చూస్తోందో" అంటూ ఎవరో ఒకరు ముందే గడియ తీస్తారు. పాపం అనేవాళ్లకి నేను చెప్పేది 2002లో వెలువడిన ఒక అధ్యయనం సంగతి. 48 లాబ్రడార్లను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండోదానికన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి.

మిగతావి క్లుప్తంగా. కుక్క ఒంట్లోని చిప్ చదివి మూత తెరిచే ఫీడర్ ఖరీదైనది, పైగా పెద్దది తింటున్నప్పుడు మూత తెరిచే ఉంటుంది కనుక చిన్న తల పక్కనుంచి దూరుతుంది. పెద్దదాని గిన్నెను ఎత్తులో పెట్టడం తేలికే కానీ, 2000లో వచ్చిన పర్డ్యూ విశ్వవిద్యాలయం అధ్యయనం పెద్ద జాతుల్లో ఎత్తు గిన్నెలకు, కడుపు మెలిపడటానికి సంబంధం ఉందంది. రోజంతా గిన్నెలో తిండి వదిలేయడం తిండిపోతు ఉన్న ఇంట్లో కుదిరే పని కాదు.

నిన్నటిదాకా మామూలుగా తిన్న కుక్క ఉన్నట్టుండి ఆబగా తింటుంటే ఈ రెండిట్లో ఏదీ కొనకండి. షుగర్, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు), కడుపులో పురుగులు, వాడుతున్న స్టెరాయిడ్ లేదా మూర్ఛ మాత్రలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నీళ్లు కూడా ఎక్కువ తాగుతోందేమో గమనించి, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.