విశాఖ చుట్టుపక్కల ముర్రా గేదెలు కొనేవారికి హెచ్చరిక: ఒక్క పూట పాలు చూసి బయానా ఇవ్వకండి

ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం, పెందుర్తి వైపు కొత్తగా డెయిరీ పెట్టేవాళ్లు, ఉన్న మందకు గేదెలను చేర్చుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. హర్యానా నుంచి లారీలో దిగిన ముర్రాలంటూ ఒక దళారి మాకు రెండు గేదెలను అమ్మాడు. రెండూ రెండో ఈత అన్నాడు. ఈని పదిహేను రోజులు కూడా కాలేదని, ఒక్కోటి రోజుకు 14 లీటర్లకు తగ్గదని చెప్పాడు. జత రెండున్నర లక్షలు. మా పాకలోకి వచ్చాక రెండూ కలిపి కూడా 14 లీటర్లు ఇవ్వలేదు. అదే మనిషి దగ్గర కొన్న మరో ఇద్దరు రైతులదీ ఇదే కథ అని తెలిశాకే ఈ పోస్టు రాస్తున్నాను.

కొనేముందు ఒక ఉదయం దళారి మా కళ్లముందే ఒక గేదె పాలు పిండించి 8 లీటర్లు కొలిచి చూపించాడు. అవి నిజంగా ఆ గేదె పాలే. కానీ ఒక పూట పాలు కావు. ముందు రోజు సాయంత్రం పిండకుండా వదిలేస్తే, మర్నాటికి పొదుగు బిగిసి నిగనిగలాడుతుంది, రెండు పూటల పాలూ ఒకేసారి దిగుతాయి. వాటిని మళ్లీ రెండుతో హెచ్చవేసి రోజుకు 16, పోనీ 14 అనుకోండి అంటారు. పైగా గేదె పాలకు నురగ ఎక్కువ. బకెట్ అంచుదాకా కనిపించినంత మాత్రాన పాలు అన్ని లేవు. నురగ దిగేదాకా ఆగి కాటా మీద పెట్టి తూయమనండి.

అందుకే మొదటి పూట పాలను లెక్కలోకి తీసుకోకండి. సాయంత్రం వెళ్లి మీ ఎదుటే పొదుగు పూర్తిగా ఖాళీ చేయించండి. మీ మనిషి ఒకరు రాత్రి అక్కడే పడుకోవాలి. ఆ తర్వాత పన్నెండు గంటల తేడాతో ఉదయం, సాయంత్రం, మళ్లీ ఉదయం తీసిన మూడు పూటల పాలే లెక్క. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర గేదె ఎంత బాగున్నా నేనైతే బేరం మాట్లాడను.

రెండో మోసం ఇంజక్షన్. దూడ నోరు పెట్టగానే, లేదా పొదుగు కడిగి నిమరగానే గేదె తనంతట తాను చేపాలి, అంటే పాలు వదలాలి. మా వాటిలో ఒకటి దూడను దగ్గరకే రానివ్వలేదు, వాసన చూసి తన్నింది. ఆ దూడ దానిది కాదని పశువైద్యుడు చూడగానే చెప్పారు. ఇన్నాళ్లూ ఆక్సిటోసిన్ (పాలు దిగేలా చేసే హార్మోన్) సూది వేసి చేపించారని ఆయన అనుమానం. సూదికి అలవాటుపడ్డ గేదె అది లేకుండా పాలు వదలడానికి మొరాయిస్తుంది. పాలకోసం ఇలా సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 12వ సెక్షన్ కింద నేరం. కాబట్టి పాలు పిండే ముందు అరగంట గేదె పక్కనే ఉండండి, ఎవరు దగ్గరకు వెళ్తున్నారో చూడండి. దూడ వయసు కూడా గమనించండి. పక్షం రోజుల దూడ అని చెప్పి నెలన్నర దూడను కట్టేస్తున్నారు.

పొదుగు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు ఎక్కువ నష్టం అక్కడే జరిగింది. నాలుగు చన్నులనూ మీ చేత్తో మీరే పిండి చూడండి. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పట్టండి. తెల్లటి పలుకులు, తీగలు కనిపించినా, నీళ్లలా పలచగా ఉన్నా పొదుగువాపు ఉన్నట్టే. పాలన్నీ తీశాక పొదుగు పిండేసిన గుడ్డలా మెత్తగా ముడుచుకోవాలి. లోపల గట్టిగా గడ్డలా తగిలితే అది పాత వాపు, ఆ భాగం మళ్లీ మామూలు కావడం కష్టం. మా రెండో గేదెకు వెనక కుడి చన్ను పరిస్థితి ఇదే. నాలుగింట ఒక వంతు పాలు పోయినట్టే, మేత మాత్రం తగ్గదు.

వయసు కొమ్ముల మీది గీతలను బట్టి చెప్పకండి. వాటిని అరగదీసి నూనె రాస్తారు. కింది దవడ ముందు పళ్లు చూడాలి. రెండో ఈత అన్న మా గేదెకు పళ్లు బాగా అరిగిపోయి ఉన్నాయి.

ఇక చెవి పోగు, అంటే పశువు చెవికి వేసే గుర్తింపు ట్యాగ్. పన్నెండు అంకెల ఆ నంబరును పశుసంవర్ధక శాఖవాళ్లు కంప్యూటర్‌లో చూస్తే పశువు జాతి, వయసు, వేసిన టీకాలు తెలుస్తాయి. మా గేదె పోగు నంబరు మీద నమోదై ఉన్నది ఒక ఆవు! ఎక్కడి పోగో తెచ్చి దీని చెవికి తగిలించారు. ఇలాంటి పశువుకు బీమా చేయించినా, రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ నిలబడదు. బేరానికి ముందే పోగు నంబరు రాసుకుని మీ ఊరి పశుసంవర్ధక సహాయకుడికి పంపండి, ఫోన్‌లోనే చూసి చెబుతారు.

ఒక్క పైసా ఇవ్వకముందు బ్రూసెల్లోసిస్‌కు రక్త పరీక్ష చేయించండి. ఈ జబ్బున్న గేదె చూడి చివరి నెలల్లో ఈసుకుపోతుంది (గర్భం పోతుంది), మందలో మిగతావాటికీ అంటిస్తుంది. మాయను (మావిని) చేత్తో తీసేవాళ్లకు, పచ్చిపాలు తాగేవాళ్లకు కూడా వస్తుంది. పరీక్ష బాగుందని వచ్చినా కొత్త పశువును కనీసం మూడు వారాలు వేరే పాకలో, వేరే తొట్టితో ఉంచండి. గాలికుంటు టీకా ఎప్పుడు వేశారో తెలియకపోతే డాక్టర్ని అడిగి వేయించండి.

మేం ఫోన్ చేసినప్పుడల్లా అమ్మినవాడు చెప్పింది ఒకటే: "నీళ్లు మారాయండీ, విశాఖ ఉక్కపోత దానికి కొత్త, వారంలో సర్దుకుంటుంది." ఇందులో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతారు. దూర ప్రయాణం, మేత మార్పు, సముద్రపు ఉక్క వల్ల పాలు కొంత తగ్గుతాయి. రోజుకు రెండుసార్లు నీళ్లు కొట్టి, ఫ్యాన్ పెట్టి, పచ్చగడ్డి, దాణా సరిగ్గా ఇస్తే మెల్లగా కోలుకుంటాయి. కానీ అరిగిన పళ్లు, గడ్డకట్టిన పొదుగు, వేరే పశువు పోగు ఉక్కపోత వల్ల రావు కదా. అలా వారాలు గడిపి చివరకు ఫోన్ ఎత్తడం మానేస్తారు.

బేరం కుదిరితే కాగితం రాయించుకోండి. పోగు నంబరు, ఈత, పళ్ల వివరం, పూటకు ఎన్ని లీటర్లు, తేడా వస్తే వెనక్కి తీసుకోవాలన్న షరతు అందులో ఉండాలి. కొంత సొమ్ము మీ దగ్గరే ఆపుకోండి, మిగతాది బ్యాంకు ద్వారానే పంపండి. పాలు పిండేటప్పుడు చెవి పోగు కనిపించేలా వీడియో తీయండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. సొంతంగా పాడి చేసుకుని బతకడానికి కొన్నవాళ్లకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది, జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. కొన్న ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. డాక్టర్ రాసిచ్చిన రిపోర్టు, డబ్బు పంపిన రుజువు, ఫోన్ మెసేజ్‌లు దాచి ఉంచండి. మేమూ ఇప్పుడు అవే సిద్ధం చేసుకుంటున్నాం.