అద్దె కొట్టు కామిక్స్ ఆన్‌లైన్ వేలంపాటలో అమ్మాను

మా నాన్నగారు పాలకొల్లులో అద్దె పుస్తకాల కొట్టు నడిపేవారు. ఇంటింటికీ టీవీ వచ్చాక కొట్టు మూసేసి, పుస్తకాలన్నీ మూడు ట్రంకు పెట్టెల్లో సర్ది అటక మీద పెట్టారు. 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి ఒక పెట్టె పూర్తిగా తడిసిపోయింది. మిగతా రెండూ పోయినేడాది దింపాను. ఒకదాంట్లో ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్, తెలుగు అమర్ చిత్ర కథలు విడివిడిగా ఉన్నాయి. రెండోదాంట్లో ఆరేసి నెలలవి కలిపి కుట్టిన చందమామలు. మొదటి పెట్టె సరుకు, మొత్తం 46 పుస్తకాలు, ఒక ఆన్‌లైన్ వేలం సైటులో అమ్మాను. సైటు పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టె ఇంట్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

పాత పుస్తకాలు కొనే ఒకాయన ఇంటికొచ్చి చూసి పుస్తకానికి 20 రూపాయలిస్తానన్నాడు. వేలంలో మొత్తం 24,300 పలికింది. 12 శాతం కమిషన్ పోను 21,384 నా ఖాతాలో పడింది. డబ్బు విషయంలో సైటు మీద నాకు ఫిర్యాదు లేదు. పుస్తకం కొన్నవాళ్ళకి చేరిన మూడో రోజుకల్లా జమయ్యేది.

ఎక్కువ పలికినవన్నీ ఇంద్రజాల్‌వే. 1964లో మొదలై 1990లో ఆగిపోయిన పుస్తకాలు అవి. పిల్లలు చదివి చింపేసినవే ఎక్కువ, దాచినవాళ్ళు తక్కువ. నా దగ్గరున్న ఒక పాత ఫాంటమ్ కథ 3,100కి పోయింది. అమర్ చిత్ర కథలు మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే ఉంటాయి కాబట్టి పాత ముద్రణ అయితేనే గిరాకీ. లోపలి అట్ట మీద వేసిన ధర ఫొటో తీసి పంపమని ప్రతివాళ్ళూ అడిగారు. అది ముందే పెట్టేస్తే సగం ప్రశ్నలు తగ్గుతాయి.

ఇప్పుడు నేను నష్టపోయిన చోటు. పుస్తకం ఎలా ఉందో ఎంచుకోమని ఒక గడి ఇస్తారు. చిరుగుల్లేని వాటికి నేను ‘గుడ్’ అని పెట్టాను. బాగున్నదాన్ని బాగుందనే కదా అంటాం! కానీ ఆ మాటలు అమెరికా కామిక్స్ వాళ్ళ పది మార్కుల లెక్కలోవి. అందులో గుడ్ అంటే 2. వెరీ గుడ్ అంటే 4, ఫైన్ 6, వెరీ ఫైన్ 8, నియర్ మింట్ 9.4. తెలిసినవాళ్ళు నా ‘గుడ్’ చూసి నలిగిపోయిన పుస్తకాలనుకుని వదిలేశారు. మంచి పుస్తకాలు ఐదు చవగ్గా పోయాయి. ఆ గడి పక్కన నాలుగు ముక్కలు తెలుగులో రాసి పెట్టి ఉంటే నాకు ఆ నష్టం లేదు. ఈ సైటు తప్పకుండా చెయ్యాల్సిన పని ఇది.

తర్వాత నుంచి ఆ గడిని నమ్ముకోలేదు, లోపాలన్నీ మాటల్లో రాశాను. మా వైపు ఉప్పుగాలికి ముందు పోయేది పిన్నులే. మధ్య పేజీ తెరిస్తే రెండు పిన్నుల చుట్టూ బొట్టుబిళ్ళంత తుప్పు మరక, దాని అంచున కాగితం పెళుసెక్కి ఉండేది. పిన్ను పీకితే కాగితం కూడా ఊడొస్తుంది, అందుకని ముట్టుకోలేదు. మరక పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీశాను. అలా పెట్టిన వాటిల్లో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. వచ్చిన ఫిర్యాదు ఒక్కటే, కలరా ఉండల వాసన. ఆ తర్వాత ప్రతి పుస్తకాన్నీ నాలుగు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాకే పంపాను. ఎండలో మాత్రం పెట్టకండి, రంగులు వెలిసిపోతాయి.

నాన్నగారు ప్రతి అట్ట లోపలా ఊదా ఇంకు స్టాంపు వేసేవారు. కొట్టు పేరు, కింద ‘అద్దె రోజుకు 15 పైసలు’, దాని కింద ‘పేజీలు చింపినచో పూర్తి ధర వసూలు చేయబడును’. స్టాంపుందని బెంగళూరు ఆయనొకరు పాట మానుకున్నారు. విశాఖ నుంచి ఇంకొకాయన ఫోన్ చేసి, “ఏవండీ, ఆ స్టాంపున్నవి ఇంకా ఉన్నాయాండీ? చిన్నప్పుడు భీమవరంలో ఇలాంటి కొట్లోనే తెచ్చుకునేవాణ్ణి” అన్నారు. ఏడు పుస్తకాలు ఆయనే పాడుకున్నారు.

పాట ముగిసే సమయం మీరే పెట్టుకోవచ్చు. ఆదివారం రాత్రి తొమ్మిదికి పెట్టండి. అసలు పాటంతా ఆఖరి రెండు నిమిషాల్లోనే. మంగళవారం పొద్దున పదకొండుకి ముగిసేలా పెట్టిన పుస్తకం మొదటి ధరకే పోయింది.

నాకు కోపం తెప్పించింది ఒక్కటి. ఒకతను 2,800కి పాడి డబ్బు కట్టలేదు. సైటువాళ్ళు ఏడు రోజులు ఆగమన్నారు, ఆగాను. మళ్ళీ పాటకి పెట్టుకోమన్నారు. రెండోసారి 1,650కి మించలేదు. ఒకసారి పోయి తిరిగొచ్చిన పుస్తకమంటే అందరికీ అనుమానమే మరి. మా ఊళ్ళో పంచాయతీ చెరువు పాటకి వెళ్ళాలంటే ముందు ధరావతు కట్టాలి. పాడి తప్పుకుంటే ఆ ధరావతు పోతుంది. అందుకే అక్కడ ఊరికే నోరెత్తేవాడుండడు. అదే పద్ధతి ఇక్కడ పెట్టడానికి ఏం అడ్డమో వాళ్ళని రెండుసార్లు అడిగాను. జవాబు రాలేదు. ఐదు చుక్కలకి మూడిస్తున్నాను, తగ్గిన రెండిట్లో ఒకటి దీనికే.

చందమామల పెట్టె ఇంకా అలాగే ఉంది. నాన్నగారు దబ్బనంతో కుట్టి, మైదా జిగురు పెట్టి, అంచులు సమంగా కోయించారు. అంచు కోసిన పుస్తకానికి సేకరణదారులు తక్కువిస్తారు. విడదీసి అమ్మితే ఎక్కువొస్తుందని కొందరు చెప్పారు గానీ, ఒక కట్ట కుట్టు విప్పి చూస్తే మడత దగ్గర కాగితం చిరగడం మొదలైంది. మళ్ళీ కుట్టేశాను. సంక్రాంతి దాటి గాలిలో చెమ్మ తగ్గాక కట్టలు కట్టలుగానే పాటకి పెడతాను.