ఫిజిక్స్ బోధనా, ఆరోగ్య పరిశోధనలో డేటా సైన్సా?

ఈ రెండు వృత్తుల్లో దేన్ని ఎంచుకోవాలన్నదే ప్రశ్న. మీటరు పొడవున్న లోలకం ఒక డోలనానికి సుమారు 2 సెకన్లు తీసుకుంటుంది, విద్యార్థికి 2.3 వస్తే ఉపాధ్యాయుడు మళ్లీ కొలవమంటాడు, ఎందుకంటే రావలసిన జవాబు అతనికి ముందే తెలుసు. ఆరోగ్య పరిశోధనలో ఆ వెసులుబాటు లేదు: అధ్యయనం మధ్యలో రావడం మానేసిన రోగి ఏమయ్యాడో తెలియదు, అలాగని అతన్ని లెక్కలోంచి తీసేయనూ కూడదు. అటువంటి అసంపూర్ణ సమాచారాన్నీ వాడుకునే పద్ధతిని గణాంకవేత్తలు కాప్లాన్, మయర్ 1958లో ప్రచురించారు. కొలతల్లో దోషాల అంచనా అలవాటైన ఉపాధ్యాయుడికి ఈ గణితం మరీ కొత్త కాదు. డేటా సైన్స్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ అంటే భయమే (నా దృష్టిలో) అతిగా ఉంది. అసలు కష్టమల్లా సహసంబంధం (రెండు విషయాలు కలిసి మారడం) నుంచి కారణాన్ని విడదీయడంలో ఉంది. బోధన ఫలితం ఆ పూటే విద్యార్థి ముఖంలో కనిపిస్తుంది, పరిశోధన ఫలితానికి ఏళ్లు పట్టవచ్చు. ఆ ఆలస్యాన్ని భరించగలిగితే రెండోదానికే నా మొగ్గు.