బ్రస్సెల్స్‌లో బంగారు రంగు స్ట్రాంగ్ ఏల్ కొనేవారికి హెచ్చరిక: ధర స్టిక్కర్ కింద తేదీ చూడండి

బ్రస్సెల్స్ చూడడానికి వచ్చి, తిరుగు ప్రయాణంలో బెల్జియం బీరు పట్టుకెళ్ళాలనుకునే తెలుగువారికి ఒక మాట. నగరం నడిబొడ్డున ఉన్న గ్రాన్ ప్లాస్ కూడలి చుట్టుపక్కల సందుల్లోని కానుకల దుకాణాల్లో అద్దాల వెనుక, దీపాల వెలుగులో పేర్చి ఉంచిన గిఫ్ట్ పెట్టెలను, అందులోనూ బంగారు రంగు స్ట్రాంగ్ ఏల్ (ఆల్కహాల్ ఎక్కువగా ఉండే ఒక రకం బీరు) ఉన్న పెట్టెలను, సీసా చేతిలోకి తీసుకుని తేదీ చదవకుండా కొనవద్దు. అక్కడి దుకాణాలన్నీ ఇలాంటివేనని నేను అనడం లేదు. నాకు సరుకు అమ్మిన దుకాణం పేరుగానీ, ఆ బీరు తయారు చేసిన కంపెనీ పేరుగానీ ఇక్కడ రాయడం లేదు. కంపెనీ తప్పు ఇందులో ఏమీ లేదని కింద చెప్పబోయే పోలిక వల్ల మీకే తెలుస్తుంది.

హైదరాబాదు నుంచి వచ్చిన మా బావగారికి ఇవ్వడానికి కొన్న ఆ పెట్టెలో 75 సెంటీలీటర్ల పచ్చ గాజు సీసా ఒకటి, 33 సెంటీలీటర్ల గోధుమ రంగు సీసాలు రెండు, తులిప్ పువ్వు ఆకారపు గ్లాసు ఒకటి ఉన్నాయి. వెల, విడివిడిగా సూపర్ మార్కెట్‌లో కొంటే అయ్యేదానికి దాదాపు మూడింతలు. కానుక పెట్టెకు కొంత ఎక్కువ తీసుకోవడం సహజమే కనుక వెల గురించి నాకు ఫిర్యాదు లేదు. ఇంటికి వచ్చి, ఫ్రిజ్‌లో నిలబెట్టి చల్లబరిచి, మొదట పెద్ద సీసా తెరిచాము. ఈ రకం బీరులో గ్యాసు ఒత్తిడి ఎంత ఎక్కువగా ఉంటుందంటే కార్కు గట్టి చప్పుడుతో ఎగరాలి. మా కార్కు మాత్రం నీరసంగా ఊడి వచ్చింది. గ్లాసులోకి వంచినప్పుడు తెల్లగా, దట్టంగా లేచి చాలాసేపు నిలవవలసిన నురగ, అంచున సన్నని గీత మిగిల్చి చూస్తూండగానే అణగిపోయింది. వాసన చూస్తే కాలిన రబ్బరు, మురిగిన వెల్లుల్లి కలిసినట్టుగా ఉంది. మా బావగారు ఒక్క గుక్క మింగి, దీనికన్నా మన దగ్గర దొరికే స్ట్రాంగ్ బీరే నయమని మర్యాదగానే అన్నారు.

గోధుమ రంగు సీసాల్లో ఆ రబ్బరు వాసన లేదు కానీ వాటి జబ్బు వాటికి ఉంది. లేత గడ్డి రంగులోనో బంగారు రంగులోనో ఉండవలసిన బీరు రాగి రంగుకు తిరిగింది. ముక్కుకు తడిసిన అట్టపెట్టె వాసన, నాలుకకు పాతబడిన తేనెలాంటి తీపి, ఆ తరువాత గొంతులో ఆల్కహాల్ మంట తగిలాయి. మరునాడు అదే కంపెనీ, అదే రకం గోధుమ రంగు సీసాను ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్ నుంచి తెచ్చి, మిగిలి ఉన్న రెండో చిన్న సీసా పక్కన పెట్టి, రెండింటినీ ఒకే చల్లదనంలో ఒకే తీరు గ్లాసుల్లో పోసి చూశాము. సూపర్ మార్కెట్ సీసాలో పియర్ పండు, బత్తాయి తొక్క, వాటి వెనుక కొద్దిగా లవంగం, మిరియం వాసనలు స్పష్టంగా ఉన్నాయి. చేదు శుభ్రంగా ఉంది, మింగిన తరువాత నాలుక మీద తీపి మిగలలేదు, నురగ గ్లాసు గోడకు పొరలు పొరలుగా అంటుకుంది. రెండింటినీ పక్కపక్కన రుచి చూసినవారెవరూ అవి ఒకే బీరని నమ్మరు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఏ సీసాను నమ్మాలో, దేన్ని వదిలేయాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు. ఈ రకానికి ప్రపంచంలో అందరూ నమూనాగా చూసేది డువెల్ అనే బీరు. 1871లో మొదలైన మోర్ట్‌గాట్ కుటుంబపు బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) ఆంట్వెర్ప్, బ్రస్సెల్స్ నగరాల మధ్య ఉన్న బ్రేన్‌డొంక్ గ్రామంలో దీన్ని తయారు చేస్తుంది. ఇంగ్లండు, స్కాట్లండు ఏల్‌లను చూసి, స్కాట్లండు నుంచి బీరును పులియబెట్టే ఈస్ట్ తెచ్చి మొదలుపెట్టిన ఈ బీరు ఇప్పటి బంగారు రంగుకు మారింది 1970లో. ఇందులో ఆల్కహాల్ 8.5 శాతం. లేత రంగు మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో) పాటు చక్కెర కూడా వేసి పులియబెట్టడం వల్ల, ఈస్ట్ ఆ చక్కెరను పూర్తిగా తినేసి ఆల్కహాల్‌ను పెంచుతుంది కానీ బీరును చిక్కగా, తీయగా ఉంచదు. ఆ తరువాత సీసాలో మళ్ళీ కొద్దిగా చక్కెర, ఈస్ట్ వేసి వెచ్చని గదిలో రెండోసారి పులియనిచ్చి, చల్లని గదిలో వారాల తరబడి విశ్రాంతినిస్తారు. మొత్తం మీద ఒక సీసా బయటికి రావడానికి దాదాపు 90 రోజులు పడుతుంది. డువెల్ గ్లాసు అడుగున చెక్కిన చిన్న గుర్తు కూడా అలంకారం కోసం కాదు, అక్కడి గరుకుదనం నుంచి బుడగలు ఎడతెగకుండా లేవాలని చెక్కుతారు.

ఇంత తేలికగా, ఇంత లేత రంగులో, ఇంత తక్కువ తీపితో ఉన్న బీరులో దోషాన్ని కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు. మాడిన మాల్ట్ రుచి, ఎండు ద్రాక్ష రుచి ఉన్న నల్లని బీరులో కొంత పాతదనం కలిసిపోతుంది. బంగారు రంగు ఏల్‌లో అది మొదటి గుక్కలోనే బయటపడుతుంది. 1923లో డువెల్‌ను రుచి చూసిన ఒక చెప్పులు కుట్టే పనివాడు ఇది అచ్చం దయ్యమేనని అనడం వల్ల, అక్కడి యాసలో దయ్యం అనే అర్థమున్న ఆ పేరు నిలిచిందని మోర్ట్‌గాట్ కంపెనీ చెప్పుకుంటుంది. 8.5 శాతం ఆల్కహాల్‌ను పండ్ల వాసన, నురగ, చేదు కలిసి దాచిపెట్టడమే ఈ రకం గొప్పదనం. బీరు పాడైనప్పుడు ముందుగా పోయేవి ఆ దాచిపెట్టే గుణాలే కనుక, మాకు గొంతులో తగిలిన మంట కొత్తగా వచ్చి చేరినది కాదు, అంతవరకూ చాటున ఉన్నది బయటపడడమే. మన లెక్కలో చెప్పాలంటే ఒక చిన్న సీసాలో 28 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది, అంటే 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు రెండింటికన్నా కొంచెం ఎక్కువే. బీరే కదా అని వరుసగా తాగేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పచ్చ సీసాలోని రబ్బరు వాసనకు కారణం వెలుతురు. హాప్స్ అనే, బీరుకు చేదూ సువాసనా ఇచ్చే పువ్వుల నుంచి వచ్చే చేదు పదార్థాల మీద నీలి కాంతి, అతినీలలోహిత కాంతి పడినప్పుడు, బీరులో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ అనే విటమిన్ ఆ కాంతిని పీల్చుకుని చర్యను నడిపిస్తుంది. చేదు పదార్థం విరిగి, గంధకంతో కలిసి థయోల్ అనే ఘాటు వాసన పదార్థం ఒకటి పుడుతుంది. ఉత్తర అమెరికాలోని స్కంక్ అనే జంతువు ఆత్మరక్షణకు చిమ్మే దుర్వాసన కూడా ఈ జాతి పదార్థాలదే. లీటరు బీరులో గ్రాములో వంద కోట్ల వంతు లెక్కన కొన్ని పాళ్ళు ఉన్నా చాలు, ముక్కు పట్టేస్తుంది. గోధుమ రంగు గాజు ఈ కాంతిని చాలావరకు ఆపుతుంది, పచ్చ గాజు ఆపలేదు, రంగులేని గాజు సంగతి చెప్పనే అక్కరలేదు. నేరుగా ఎండ పడితే ఈ మార్పు నిమిషాల్లోనే మొదలవుతుంది. షోకేసు దీపాల కింద నెమ్మదిగా జరిగినా, నెలల తరబడి అక్కడే ఉన్న సీసాకు ఆ నెమ్మదితనం వల్ల ఒరిగేదేమీ లేదు. బెల్జియంలోనే మెల్ అనే ఊళ్ళో ఉన్న హ్యూగె బ్రూవరీ తన డెలీరియం ట్రెమెన్స్ బీరును రాతి జాడీలా కనిపించే తెల్లని పూత సీసాలో అమ్మడం అందం కోసమే అనిపించినా, వెలుతురు విషయంలో అది మంచి రక్షణ కూడా. అట్టముక్క వాసనకు, రాగి రంగుకు కారణం ఆక్సిజన్, వేడి. సీసాలో ఉన్న ఈస్ట్ కొంత ఆక్సిజన్‌ను తినేసి బీరును కాపాడుతుంది కానీ ఆ కాపలాకు హద్దు ఉంది. దీపాల వేడికి అద్దాల పెట్టె రోజంతా వెచ్చగా ఉంటే పాతబడే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. సీసాలను కడిగి చూసినప్పుడు, వెనుక లేబుల్ మీద దుకాణం వారు అంటించిన ధర స్టిక్కర్ సరిగ్గా తేదీ మీదే ఉంది. ఒకదాని మీద అయితే చేయి జారిందనుకోవచ్చు, మూడు సీసాల మీదా అలాగే ఉంది. స్టిక్కర్లు తీసి చూస్తే మూడింటికీ గడువు దాటి ఏడాదికి పైగా అయింది. ఖాళీ సీసాలు, బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్ళినప్పుడు అక్కడి మనిషి రెండు మాటలు చెప్పాడు. బెల్జియం స్ట్రాంగ్ బీరు వైన్ లాంటిదనీ, ఎంత పాతబడితే అంత బాగుంటుందనీ మొదటిది. గడువు దాటిన బీరు అమ్మడం నేరం కాదని రెండోది. మూత తీసిన సీసాకు డబ్బు తిరిగి ఇవ్వనని కూడా అన్నాడు. ఆ రెండు మాటలూ సగం నిజాలు కావడం వల్లనే ఇంత వివరంగా రాయవలసి వస్తోంది.

మొదటి మాటలో నిజం ఏమిటంటే రోష్‌ఫోర్ 10, షిమే బ్లూ వంటి ముదురు రంగు స్ట్రాంగ్ బీరులను చల్లని చీకటి గదిలో ఏళ్ళ తరబడి దాచుకునేవారు ఉన్నారు, వాటి రుచి ఆవకాయ ఊరినట్టు మారుతూ వస్తుంది. బంగారు రంగు ఏల్‌కు ప్రాణం తాజాదనమే. పండ్ల వాసన, హాప్స్ సువాసన, పదునైన చేదు ఇవే కాలంతో తగ్గిపోతాయి. దాచుకుని తాగేవారు కొందరు ఉన్నా, వారు దాచేది చల్లని చీకట్లోనే గానీ దీపాల కింద కాదు.

రెండో మాటకు వస్తే, సీసా మీద ఉండే తేదీ, అప్పటివరకు నాణ్యత నిలుస్తుందని తయారీదారు ఇచ్చే మాట మాత్రమే. అది దాటాక తాగితే ప్రమాదమని అర్థం కాదు, అమ్మడం మీద నిషేధమూ లేదు. కానీ ఆ తేదీని కప్పివేయడం వేరే సంగతి. యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన ఆహార సమాచార నిబంధన 1169 ప్రకారం తప్పనిసరి వివరాలు సులభంగా కనిపించాలి, వాటిని ఏ విధంగానూ దాచకూడదు. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. ఆల్కహాల్ 10 శాతం, ఆ పైన ఉన్న పానీయాలకు ఈ తేదీ వేయడం తప్పనిసరి కాదు. కాబట్టి 8.5 శాతం సీసా మీద తేదీ కనబడకపోతే అనుమానించాలి, 10.5 శాతం ఉన్న పిరాట్ వంటి బీరు మీద లేకపోతే అది మోసమని తొందరపడి అనకూడదు.

కొనేటప్పుడు దుకాణదారుణ్ణి అడిగి పెట్టె తెరిపించండి, తెరవనంటే అక్కడే వదిలేయండి. డచ్చిలో 'టెన్ మిన్‌స్టె హౌడ్‌బార్ టొట్' అనీ, దాన్ని కుదించి టీహెచ్‌టీ అనీ, ఫ్రెంచిలో 'ఆ కొన్సొమే ద ప్రెఫెరాన్స్ అవాన్' అనీ ఉన్నచోట తేదీ వెతకండి. ఆ తేదీలో మొదటి అంకె రోజు, రెండోది నెల, చివరిది సంవత్సరం. కొన్ని సీసాలకు వెనుక లేబుల్ మీద, కొన్నింటికి మెడ దగ్గర ముద్రిస్తారు. సీసాను దీపానికి ఎదురుగా పట్టుకుని మెడలో బీరు మట్టం మిగతా సీసాలతో సమానంగా ఉందో లేదో చూడండి, కార్కు చుట్టూ జిగట మరక ఉంటే గ్యాసు కారిపోయిందని అనుకోవచ్చు. అడుగున సన్నని తెల్లని మడ్డి కనిపిస్తే కంగారు పడకండి, అది ఈస్ట్. గ్లాసులోకి వంచేటప్పుడు చివరి ఒక సెంటీమీటరు సీసాలోనే ఉంచేస్తే సరిపోతుంది. లేబుల్ ఒకవైపు వెలిసిపోయి ఉంటే ఆ సీసా వెలుతురులో ఎంతకాలం నిలబడిందో అదే చెబుతుంది. నా సలహా అయితే సరుకు వారం వారం మారే సూపర్ మార్కెట్‌లోనో, సీసాలను చల్లగా చీకట్లో ఉంచే బీరు ప్రత్యేక దుకాణంలోనో కొని, గ్లాసు మాత్రం విడిగా కొనుక్కోమని. సమయం ఉన్నవారు బ్రేన్‌డొంక్ వెళ్తే బ్రూవరీ సందర్శన కూడా అవుతుంది.

ఇండియాకు తీసుకెళ్ళేవారికి సుంకం లేని పరిమితి 2 లీటర్లు కనుక 33 సెంటీలీటర్ల సీసాలు ఆరు సరిగ్గా సరిపోతాయి. వాటిని చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. ఇంటికి చేరాక, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, అలమారలో పెట్టకుండా వెంటనే ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచండి. నలభై డిగ్రీల వేసవిలో బల్ల మీద వదిలేస్తే ఆ దుకాణం దీపాలు చేసిన పనే మన వంటగది చేస్తుంది.

ఇప్పటికే ఇలాంటి పెట్టె కొన్నవారు సీసాలు పారవేయకుండా, స్టిక్కర్ ఉన్నప్పుడు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో తీసి, బిల్లుతో కలిపి దగ్గర పెట్టుకోండి. దుకాణంలో ముఖాముఖి కొన్న సరుకుకు ఆన్‌లైన్ కొనుగోలుకు ఉన్న 14 రోజుల వాపసు హక్కు వర్తించదు కనుక, నచ్చలేదని అడిగితే ఫలితం ఉండదు. తేదీని కప్పి అమ్మారన్న ఒక్క విషయం మీదే మాట్లాడండి. బెల్జియం ఆహార భద్రతా సంస్థకు వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే విభాగం ఉంది, డచ్చివారు దాన్ని ఎఫ్‌ఏవీవీ అనీ ఫ్రెంచివారు ఆఫ్‌స్కా అనీ అంటారు. నేను ఫొటోలతో సహా అక్కడికి రాశాను.