నేపాల్‌లో సంగటి దొరికింది

సునౌలీ బోర్డర్ దాటకముందే నాన్న షరతు పెట్టాడు: "ఎక్కడికైనా తీసుకుపోరా, రోజుకో పూటైనా అన్నం ఉండాల." అనంతపురంలో బయల్దేరేటప్పుడే కందిపొడి, నువ్వులపొడి, రెండు ఊరగాయ సీసాలు సర్దుకున్న మనిషి. తిరిగొచ్చేసరికి సీసాల్లో సగం అట్లాగే ఉన్నాయి.

పోఖరాలో మొదటి రెండు రాత్రులు లేక్‌సైడ్‌లో, ఫేవా చెరువు కనిపించే హోటల్లో దిగాం. గది బాగుంది, బాల్కనీ ఇంకా బాగుంది. కానీ పొద్దున టిఫిన్ రెండు రోజులూ చల్లారిన టోస్టే. మబ్బు పట్టిన రోజు సోలార్ నీళ్లు వేడెక్కలేదు, అడిగితే సాయంత్రానికి వస్తాయన్నారు, రాలేదు. మెనూలో పిజ్జాలు, పాస్తాలు నాలుగు పేజీలు. దాల్ భాత్, అంటే వాళ్ల పప్పన్నం, చివర్లో ఎక్కడో ఉంది, ఆ రేటుకి బయట ఇద్దరం తినొచ్చు. వ్యూ కావాలంటే అక్కడ ఉండండి, తిండికి మాత్రం వెనక సందులోకి నడవండి.

ఆ సందులోనే ఒక ఠకాలీ భోజనశాల ఉంది. ఠకాలీలది ముస్తాంగ్ వైపు కాళీగండకి లోయ. టిబెట్ ఉప్పు వ్యాపారం సాగిన దారిలో బాటసారులకి సత్రాలు నడిపినవాళ్లు, అందుకేనేమో వడ్డించడం వాళ్లకి బాగా తెలుసు. కంచు పళ్లెంలో అన్నం, చుట్టూ ఆవాకు వేపుడు, ఆలుగడ్డ కూర, గిన్నెలో పప్పు. పప్పంటే కంది కాదు, పొట్టు మినప్పప్పు. మనం దోసెలకీ గారెలకీ దాచుకునే పప్పుని వాళ్లు చిక్కగా ఉడికించి, నేతిలో జింబు వేసి తాలింపు పెడతారు. జింబు కొండల్లో పెరిగే ఒక ఆకు, ఎండబెట్టి వాడతారు. ఉల్లికీ వెల్లుల్లికీ మధ్య వాసన. అచార్ అనగానే మన ఆవకాయలా నూనెలో తేలుతుందనుకోకండి. టమాటా కాల్చి నూరిన పచ్చడి, మన రోటి పచ్చడికి చుట్టం. అందులో టిమూర్ గింజలు వేస్తారు, కారం తక్కువే గానీ నాలుక తిమ్మిరెక్కుతుంది.

అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లైనా వేస్తారు. వద్దనాలంటే "పుగ్యో" అనాలి, చాలు అని. అది తెలియక మొదటి రోజు నేను మూడో మారు కూడా తినాల్సి వచ్చింది.

వేళలు మాత్రం ముందే తెలుసుకుని వెళ్లండి. ఇళ్లలో భోజనం పొద్దున తొమ్మిది, పది మధ్య, మళ్లీ రాత్రి ఏడు ప్రాంతంలో. నడుమ తినేది ఖాజా: అటుకులు, ఆలుగడ్డలు, నూడుల్స్ లాంటివి. ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి దారిలో చిన్న హోటల్ దగ్గర ఆగితే పొయ్యి ఆర్పేశారు. నాన్న నూడుల్స్ గిన్నె ముందు కూర్చుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

పోఖరాలో పర్మిట్ తీసుకుని జీపులో ఘాంద్రుక్ వెళ్లాం. గురుంగులనే కొండజాతి వాళ్ల ఊరు, రాతి మెట్లు, ఎదురుగా అన్నపూర్ణ సౌత్ శిఖరం. దిగిన ఇంట్లో గది చాలా చవక, కాకపోతే రెండు పూటలా అక్కడే తినాలని ఒప్పందం. వేడినీళ్లకి విడిగా డబ్బులు. దుప్పట్లు మందంగా ఉన్నాయి, గోడలు మాత్రం పలచన, పక్కగది గురక మొత్తం వినపడింది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, కారణం ఆ వంటిల్లు.

రాత్రికి ఢీడో చెప్పమని ఆ ఇంటి దీదీయే, అంటే ఇంటి అక్కే, సలహా ఇచ్చింది. ఏ పిండి అని అడిగితే కోదో అంది. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవి అరికెలు కదా, డబ్బా తెరిచి చూపిస్తే రాగిపిండి! ఇనుప మూకుడులో నీళ్లు తెర్లుతుంటే పిండి పోస్తూ కట్టె తెడ్డుతో ఆపకుండా తిప్పింది. నాన్న పొయ్యి పక్కకి పీట జరుపుకున్నాడు. "ఒరేయ్, ఇది మన సంగటే! బియ్యం వెయ్యలేదంతే." ముద్ద తుంచి, గుంద్రుక్ పులుసులో ముంచి, నమలకుండా మింగాడు. ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. గుంద్రుక్ అంటే ఆవాకు, ముల్లంగి ఆకు లాంటివి వాడబెట్టి, కుండలో కుక్కి పులియబెట్టి, ఆపైన ఎండబెట్టినది. వాసనకి ముక్కు చిట్లించాను గానీ పులుపు మాత్రం దివ్యంగా ఉంది.

దీదీ గరిటె మా పళ్లేలకి తగలకుండా పైనుంచి పులుసు పోస్తుంటే నాన్నకి తెగ నచ్చింది. అక్కడా ఎంగిలి పట్టింపు ఉంది, జూఠో అంటారు.

వచ్చేటప్పుడు పావుకిలో గుంద్రుక్ కొన్నాం. అమ్మ కవరు విప్పి, "అంత దూరం పోయి ఎండుగడ్డి తెచ్చినారా?" అంది. మొన్న ఆదివారం గుప్పెడు కందిపప్పులో వేసింది. చింతపండు వెయ్యలేదు.