ఎయిర్ పిస్తోలు సాధనకు బూట్లు: మూడో జతకు గాని కుదరలేదు

మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు సాధన మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆమెకు మూడు జతల బూట్లు కొన్నాము, వాటిలో మూడోది మాత్రమే పనికివచ్చింది. పర్లాకిమిడి బజారులో షూటింగ్ బూట్లు అడిగితే పరుగు బూట్లు తీసి చూపిస్తారు, అది వారి తప్పు కాదు. ఇక్కడ ఆ గిరాకీ లేదు. తొడిగి చూసే వీలు లేకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిన మాలాంటివారి కోసం ఇది రాస్తున్నాను.

మొదటి జత పరుగు బూట్లే. అవి మెత్తగా ఉంటాయి కనుక కాళ్లు నొప్పి పుట్టవని అనుకున్నాము. కాని పోటీలో 75 నిమిషాల్లో 60 గుళ్లు కాల్చాలి, అంతకుముందు సన్నద్ధతకు మరో 15 నిమిషాలుంటాయి, పిస్తోలు బరువు 1500 గ్రాముల వరకు ఉండవచ్చు, దానిని ఒంటి చేత్తోనే చాచి పట్టుకోవాలి. అటువంటప్పుడు అడుగున ఉన్న మెత్తని పొర ఒత్తుకుపోతూ ఉంటే శరీరం తెలియకుండానే ముందుకూ వెనక్కూ సర్దుకుంటుంది. పైగా పరుగు బూట్లలో మడమ ఎత్తుగా ఉండి బరువును వేళ్ల మీదికి తోస్తుంది. లక్ష్యంపై పది పాయింట్లు వచ్చే నడిమి వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కనుక ఆ చిన్న ఊగులాట కూడా లెక్కలోకి వస్తుంది.

మా ఇల్లు వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా పొడవుగా ఉంటుంది. ఆ నడవలో ఆమె గుళ్లు లేకుండా సాధన చేసేది. ఒకసారి కళ్లు మూసుకుని కదలకుండా నిలబడమన్నాను. పరుగు బూట్లతో కొద్దిసేపటికే భుజాలు మెల్లగా ఊగడం నాకు కనబడింది. గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడినప్పుడు అంత ఊగలేదు. ఆ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు.

రెండో జత కొనేటప్పుడు నేను పొరపాటు పడ్డాను. ఆసరా అంటే చీలమండను గట్టిగా పట్టుకోవడమేనని నమ్మి, రైఫిల్ వారు వాడే ఎత్తు బూట్లు తెప్పించాను. అవి తొడుక్కుని వెళితే ఒక పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే ఆపేశారు. వారు చెప్పింది సరైనదే: పిస్తోలు విభాగంలో చీలమండ ఎముకను కప్పని పొట్టి బూట్లనే అంతర్జాతీయ నిబంధనలు అనుమతిస్తాయి. ఆ రోజు అమ్మాయి బడి బూట్లతోనే కాల్చింది, ఆ బాధ నాకింకా ఉంది. అమ్మినవారు వెనక్కి తీసుకున్నారు గాని తిరుగు పార్శిలు ఖర్చు మా మీదే పడింది.

ఇప్పుడు వాడుతున్న మూడో జత పొట్టిది. పైభాగం తోలు, అడుగు బల్లపరుపు రబ్బరు. మడమ వద్దా వేళ్ల వద్దా మందం ఒకటేనని స్కేలు పెట్టి చూసుకున్నాను. బల్ల మీద పెట్టి వేలితో నొక్కితే ఏ మూలా లేవదు. బొటనవేలితో అడుగును గట్టిగా అదిమినా గుంట పడదు. అలాగని చెక్కలా బిగుసుకుపోయిన అడుగు కూడా పనికిరాదు. ముందు సగం వంగి తీరాలి. తనిఖీలో 15 న్యూటన్ మీటర్ల వంచే బలానికి అడుగు కనీసం 22.5 డిగ్రీలు వంగుతుందా లేదా అని యంత్రంతో చూస్తారు. వేళ్ల దగ్గర వెడల్పు ఉండడం వల్ల పాదం పరుచుకుని నిలుస్తుంది, ఈ జతలో నాకు బాగా నచ్చినది అదే.

లోపాలూ ఉన్నాయి. గాలి ఆడదు కనుక వేసవిలో మేజోళ్లు తడిసిపోతాయి. నాలుక భాగం పలచగా ఉండి తాడు ముడి పాదం పైన ఒత్తుకుంటుంది, దానికి మందపాటి మేజోళ్లు వేయిస్తున్నాము. దాదాపు ఏడు వేల ధర మాకు చిన్న మొత్తం కాదు.

పాదం కొలత మాత్రం సాయంత్రమే తీసుకోవాలి, ఎందుకంటే అప్పటికి పాదం కొంత ఉబ్బి ఉంటుంది. వాడబోయే మేజోళ్లు తొడిగించి, కాగితం మీద నిలబెట్టి రెండు పాదాలకూ గీత గీసి, పెద్దదాని కొలతనే పంపాలి. మా అమ్మాయి బూట్లను గుడ్డ సంచిలో తీసుకువెళ్లి గురి చూసే చోటికి చేరాకే తొడుగుతుంది. రోడ్డు మీద నడిస్తే అడుగు అంచులు అరిగి ఆ బల్లపరుపు పోతుంది.