పదిహేడేళ్లుగా ఒకే బ్రోకర్: మంగళగిరిలో మా అనుభవం

2008లో నాకు మంగళగిరి బడికి బదిలీ అయింది. అప్పుడు అద్దె ఇల్లు చూపించిన మనిషే ఇప్పటికీ మా ఇళ్ల వ్యవహారాలన్నీ చూస్తున్నారు. ఆ అద్దె ఇల్లు, తర్వాత మేం కొన్న 150 గజాల స్థలం, మేడ మీద వాటాలో నలుగురు అద్దెవాళ్లు, మా అబ్బాయి ఫ్లాట్, అన్నీ ఆయన చేతి మీదుగానే జరిగాయి. ఆయన గురించి రాస్తానంటే "పేరు మాత్రం వద్దమ్మా" అన్నారు. అందుకని పేరు రాయడం లేదు.

ఆయనది చేనేత కుటుంబం. తాత, తండ్రి గుంట మగ్గంలో కూర్చుని నిజాం అంచు చీరలు నేసినవాళ్లు. ఈయన పదో తరగతి అయ్యాక ఆ చీరల మూట సైకిల్‌కి కట్టుకుని నవులూరు, నిడమర్రు, కాజ, చినకాకాని తిరిగి వాయిదాల మీద అమ్మేవారు. వాయిదా డబ్బులకి నెలనెలా ప్రతి గడపా ఎక్కాలి కదా, ఎవరిల్లు ఖాళీగా ఉంది, ఏ అన్నదమ్ములు వేరుపడుతున్నారు, ఎవరికి డబ్బు అవసరం పడింది అన్నీ ఆయన చెవిన పడేవి. పవర్‌లూమ్ బట్ట వచ్చి నేత గిట్టుబాటు కాక ఇల్లు గడవడం కష్టమైన రోజుల్లో ఎవరో "మా ఇల్లు అమ్మిపెట్టవయ్యా" అన్నారట. అలా మొదలైంది. మొదటి కమిషన్ నూలు బాకీకి పోయిందని ఆయన భార్య చెప్పారు.

ఇప్పటికీ వేరే ఆఫీసు లేదు. వాళ్లింటి అరుగే ఆఫీసు. లోపల ఆయన అన్నగారు ఇంకా నేస్తారు. మగ్గం చప్పుడు వింటూ దస్తావేజులు చదువుకోవాలి.

ఆయన మీద నాకు గురి కుదిరింది 2012లో. గాలిగోపురానికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక స్థలం చూపించారు. ముగ్గురు అన్నదమ్ములది. తండ్రి సంపాదించిన స్థలం, ఆయన వీలునామా రాయకుండా పోయారు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయిస్తే శుభ్రంగా ఉంది. మర్నాడు లక్ష బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "టీచర్ గారూ, రేపు డబ్బు తేవద్దు" అన్నారు. మాకు ఒకటే టెన్షన్.

జరిగిందేమిటంటే, రాత్రి అన్నం దగ్గర ఈ బేరం గురించి చెబితే వాళ్ల నాన్నగారు, "వాళ్లకో చెల్లెలుందిగా, ఆ పిల్ల పెళ్లి చీర మన మగ్గం మీదే నేశాం" అన్నారట. ఆ అమ్మాయితో అన్నలకి మాటల్లేవు, అందుకే పేరు కూడా ఎత్తలేదు. వీలునామా లేకపోతే తండ్రి స్వార్జితంలో కొడుకులతో సమానంగా కూతురికీ వాటా ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్పేది అదే. ఈసీలో ఈ సంగతి కనపడదు. అందులో రిజిస్టరైన లావాదేవీలు తప్ప వారసుల పేర్లు ఉండవు. మర్నాడు ఆయన బస్సెక్కి రేపల్లె వెళ్లి ఆమెతో మాట్లాడారు. నెల తర్వాత ఆమె కూడా వచ్చి, తన వాటా డబ్బు తను తీసుకుని, అన్నల పక్కన సంతకం పెట్టింది. ఆ స్థలంలోనే మేం ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడైనా సరే, వీలునామా లేని ఆస్తి అంటే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూడకుండా ఆయన మాట కలపరు. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీయించి తీరాలంటారు.

2014 సంగతి కూడా చెప్పాలి. ఆ సెప్టెంబరులో రాజధాని విజయవాడ చుట్టుపక్కలే అని అసెంబ్లీలో ప్రకటించాక మా ఊళ్లో పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు. మా స్టాఫ్ రూమ్‌లో కూడా స్థలాల మాటలే. నేను పీఎఫ్ లోన్ పెట్టి 200 గజాలు కొందామనుకున్నాను. ఆయన నాతో వచ్చి చూశారు. ప్లానులో 30 అడుగుల రోడ్డు గీశారు, అక్కడ చూస్తే డొంక. లేఅవుట్‌కి అనుమతి కాగితం అడిగితే అమ్మేవాళ్లు "వచ్చేస్తుందండీ" అన్నారు. తిరిగొస్తూ ఆయన, "రాజధాని ఎలా వస్తుందో నాకు తెలియదు టీచర్ గారూ. ఈ స్థలానికి దారి లేదని మాత్రం తెలుసు" అన్నారు. నేను లోన్ పెట్టలేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అక్కడ కొన్నవాళ్లు అమ్ముదామంటే అడిగే దిక్కు లేకపోయింది. 2024లో మళ్లీ రేట్లు కదిలాయి. ఆ లేఅవుట్‌కి ఇప్పటికీ దారి పడలేదు. 2014 నాటి ఆ రోజుల్లో నిన్నగాక మొన్న బ్రోకర్లైనవాళ్లు కార్లు కొన్నారు, ఈయన బేరాలు సగానికి పడిపోయాయి. ఇంట్లోవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో నాకు తెలుసు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోటోలు పంపరు, "వచ్చి చూడండి" అంటారు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి కొనేవాళ్లకి ఆయనతో కుదరదు. తిరునాళ్ల వారం ఫోన్ తీయరు, పానకం పందిట్లోనో తేరు దగ్గరో ఉంటారు. 2018లో తెలిసినవాళ్ల అబ్బాయని ఒకతన్ని మా మేడ మీద దింపారు. నాలుగు నెలల అద్దె ఎగ్గొట్టాడు. ఆయనే వచ్చి కూర్చుని ఖాళీ చేయించారు, తను తీసుకున్న నెల అద్దె కమిషన్ తిరిగిచ్చారు. మిగతాది మేం వదులుకున్నాం. తెలిసినవాళ్లన్న నమ్మకంతో ఆ ఒక్కసారి పొరబడ్డారు.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, విషయంలోనూ ఆలస్యం చేశారు. ఆ చట్టం కింద నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. 2023లో మా అబ్బాయి కొత్త ఫ్లాట్ కావాలంటే, "నాకింకా ఆ నమోదు లేదు, కొత్తవి చూపించకూడదు" అని ముందే చెప్పి, ఎప్పుడో పూర్తయిన బిల్డింగ్‌లో రీసేల్ ఫ్లాట్ ఇప్పించారు. ఈ మధ్యే వాళ్లమ్మాయి దగ్గరుండి ఆ నమోదు చేయించింది. ఈసీలు, ఆన్‌లైన్ పనులు ఇప్పుడు ఆ అమ్మాయే చూస్తోంది.

ఆయన పద్ధతి ఒకటి కొందరికి నచ్చదు. అద్దెకున్న నేతగాడు మగ్గం ఆడిస్తున్న ఇల్లు అమ్మకానికి వస్తే, అతనికి ఇంకో చోటు దొరికేదాకా ఈయన ఆ ఇల్లు ఎవరికీ చూపించరు. గుంట మగ్గానికి నేల తవ్వాలి. మేడ మీద వాటాలో కుదరదు, కింద కూడా టైల్స్ వేసిన ఇంట్లో ఎవరూ తవ్వనివ్వరు. మా తోటి టీచర్ ఒకావిడ ఇల్లు ఇలాగే ఏడాదిన్నర ఆగిపోతే విసిగిపోయి వేరే బ్రోకర్ దగ్గరికి వెళ్లారు. ఆవిడ కూతురి పెళ్లికి డబ్బు కావాలి, ఆవిడది తప్పనలేను. కానీ మగ్గం తీసేశాక మళ్లీ పెట్టుకోలేక కూలికి వెళ్లినవాళ్లని ఆయన తన వీధిలోనే చూశారు. ఈ విషయంలో నా మనసు ఆయన వైపే.

కొనుగోళ్లకి కమిషన్ మా దగ్గర ఎప్పుడూ ఒక శాతమే తీసుకున్నారు, అమ్మినవాళ్ల దగ్గర తీసుకునేదీ దాచలేదు. దుగ్గిరాలలో మా నాన్నగారి అరెకరం అమ్మిపెట్టమంటే, "పొలాల సంగతి నాకు తెలియదు" అని అక్కడివాళ్లని చూపించి పైసా తీసుకోలేదు.

ఇప్పుడు తెనాలి నుంచి వచ్చే మా అక్క కోసం కింది వాటా ఇల్లు వెతకమన్నాం. ఆయన మనసులో ఒకటుంది. అందులో ఇంకా మగ్గం ఆడుతోంది. "తిరునాళ్ల అయ్యేదాకా ఆగండమ్మా, అతనికి చోటు చూస్తున్నాను" అన్నారు. అక్కకి చెప్పాను, ఆగుతానంది.